యాభయ్యో టపా

కంప్యూటర్ తెర మూలన అరవై అని పడింది, నేను కుర్చీ సర్దుకునే లోపలే యాభై తొమ్మిది అయింది. అంటే ఇప్పుడు టైము రెండు, నేను డబ్బు కట్టిన గంట మూడింటికి అయిపోతుంది. మూడింటికి నగరిలో తిరుత్తణి బస్సు. ఆ బస్సెక్కి మురుగేష్ మామ వెళ్ళిపోతున్నాడు, తిరుత్తణిలో దిగి రైలెక్కి తిరుప్పూరు పోయి ఏదో బనియన్ల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటాడట, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళు మా నాయన పక్క మగ్గంలో నేసిన మనిషి. పన్నెండింటికి మా చెల్లెలు మోనిక ఫోన్ చేసి చెప్పింది. "ఇల్లు ఖాళీ చేసేసినాడన్నా. నాయన గడప దాటి బయటికి రాలా. నువ్వు ఇప్పుడే బయల్దేరితే మామను అందుకుంటావు." బయల్దేరానా? నా మొహం. తిరుపతిలో నేను పనిచేసే లాడ్జి కౌంటర్ ఆదిమూలానికి అప్పజెప్పి, బస్టాండు వైపు నాలుగడుగులు వేసి, అక్కడ ఒక టీ తాగి, అదయ్యాక ఇంకో టీ తాగి, నగరి బస్సు నా కళ్ళ ముందే కదిలిపోయాక వచ్చి ఈ గాంధీ రోడ్డు సందులో నెట్ సెంటర్లో దూరాను. "ఏమప్పా లోకనాథం, శుక్రవారం రావాల్సినోడివి మంగళవారమే వచ్చినావే?" అన్నాడు నెట్ సెంటర్ చెంగల్రాయుడు. కొంచెం పనుందబ్బా అన్నాను. పని ఏమిటంటే, మామ దొంగ కాదని, దొంగను నేనని, మూడింటి లోపల మా నాయనకు చెప్పాలి. నోటితో చెప్పడం నాకు చేతకాదు, రాసుకుంటే చెప్పగలను. రాసుకుని, ఫోన్లో చదివి వినిపిస్తాను. నాయన ఒక్క మాటంటే మామ బస్సెక్కడు. ఇదీ పథకం, సిగ్గు లేకపోతే సరి.

నా బ్లాగు తెరిచి కొత్త టపా అని నొక్కాను. ముందు శీర్షిక పెట్టాలి, అది నా పద్ధతి, శీర్షిక లేకుండా ఒక్క వాక్యం కూడా నడవదు నాకు. మూడేళ్ళుగా, రెండు వారాలకొకసారి, ఇదే వరస. లాడ్జిలో యాత్రికులు తప్పు రాసి పారేసిన ఫారాల వెనక పెన్సిలుతో చిత్తుప్రతి, మంగళ బుధవారాల్లో. గురువారం దాన్ని ఒకసారి పైకి చదువుకోవడం, గదులన్నీ నిండిపోయి కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు. శుక్రవారం ఇక్కడికొచ్చి టైపు కొట్టి, సరిగ్గా పది గంటలకు వదలడం, ఎందుకంటే హైదరాబాదు ఆఫీసుల వాళ్ళు కాఫీ తాగుతూ బ్లాగులు చూసేది అప్పుడే. మూడు పేరాలు దాటకూడదు. ఒక ఫోటో ఉండాలి. చివర మా నాయన మాట ఒకటి, ఆయన ఎలా అన్నాడో అలాగే, యాస కూడా మార్చకుండా. ఇక విభాగాలు: నగరి, మగ్గం, నాయన మాటలు, లాడ్జి, పిచ్చాపాటి. ఏ టపా ఏ విభాగంలోకి పోవాలో నేను ఆలోచించినంత ఏ తండ్రీ కూతురి పెళ్ళికి ఆలోచించి ఉండడు. ఒకసారి మగ్గం గుంతలో పాము దూరిన సంగతి రాసి, అది మగ్గంలో పెట్టాలా పిచ్చాపాటిలో పెట్టాలా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చదివేది తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు నేనే, ఇక్కడొకసారి, లాడ్జి ఓనరు గదిలో ఒకసారి. అయినా ఎంత సంబరం! రోజంతా ఏసీయా నానేసీయా, వేడి నీళ్ళు ఎన్నింటికి, దర్శనం టికెట్లు ఎక్కడ అని అడిగించుకునే వాడికి, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మీ రాత చాలా బాగుందండీ అని పెడితే ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఉండవు.

యాభై రెండు నిమిషాలు. శీర్షిక: 'ఒక పొరపాటు'. ఛీ, పొరపాటంట పొరపాటు. కొట్టేశాను. 'క్షమాపణ'. ఇదేదో పేపర్లో వేసే సవరణలాగా ఉంది. అదీ కొట్టేశాను. యాభయ్యో టపాకు మాత్రం శీర్షిక ఎంత తొందరగా దొరికింది! 'మా ఇంటి వడగండ్ల అంచు'. మా తాత కట్టిన అంచు అది, ఎర్రటి పట్టీలో తెల్లగా గింజలు గింజలుగా, దూరం నుంచి చూస్తే వడగండ్లు రాలినట్టే ఉంటుంది. నగరి మొత్తం మరమగ్గాలు వచ్చి రాత్రీ పగలూ గోడలు అదిరిపోతున్నా, మా ఇంట్లో రెండు గుంత మగ్గాలు నిలబడ్డాయంటే ఆ అంచు వల్లనే. మద్రాసు సేటు నెలకు ఇన్ని చీరలని చెప్పి తీసుకుపోయేవాడు, ఆ అంచు వేరే ఎక్కడా దొరకదు కాబట్టి. ఆ అంచుకు పోగుల లెక్క ఒకటుంది, ఎన్ని ఎత్తాలి ఎన్ని దించాలి అని. తాత చేత్తో రాసిన ఒక కాగితం. ఏడాది పొడుగునా అది పెట్టెలో ఉంటుంది, ఆయుధ పూజ రోజు మాత్రమే బయటికి తీసి, మగ్గం కడిగి బొట్లు పెట్టి, అడ్డపోగు నేసే నాడె పక్కన ఆ కాగితం పెట్టి, తలుపు గడియ వేస్తారు. అప్పుడు నాయన దాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుతాడు. వినే హక్కు ఆ మగ్గాల మీద కూర్చునే వాళ్ళకూ, ఇంటి కొడుకుకూ. ఆడపిల్ల పెళ్ళై వేరే ఇంటికి పోతుందని మోనికను కూడా లోపలికి రానియ్యరు, అమ్మ గడప బయట హారతి పట్టుకుని నిలబడుతుంది. అంటే ఆ గదిలో ముగ్గురం. నాయన కోదండం, మురుగేష్ మామ, మగ్గం ముట్టని కొడుకును నేను.

పోయిన అక్టోబరులో కూడా ముగ్గురమే. నాయన చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, అది నిజం, అబద్ధం చెప్పను. మూడెత్తు, ఒకటి దించు, రెండెత్తు, వడగండ్లకు తెల్లపోగు, మళ్ళీ మూడెత్తు. మంత్రంలా చదివాడు. ఆ కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిపోవడం, మామ కళ్ళు మూసుకుని తల ఊపడం, సాంబ్రాణి పొగ. ఇదంతా పోతుంది కదా అనిపించింది. నాయన తర్వాత ఎవడు చదువుతాడు, ఈ కాగితం చెదలకు పోతుంది కదా, దీన్ని ఎక్కడైనా భద్రపరచాలి కదా. చూశారా, ఎంత మంచి బుద్ధి! దొంగకు కూడా ఇంత మంచి కారణం దొరకదు. నాయన కొబ్బరికాయ కొట్టడానికి వంగినప్పుడు సెల్ తీసి ఒక ఫోటో తీశాను. మామ కళ్ళు తెరిచి చూశాడు. నేను నవ్వాను, మామా నవ్వాడు. వారం తిరిగేసరికి యాభయ్యో టపా. యాభై అంటే మాటలా, ఏదో ఒక గొప్ప విషయం ఉండాలి కదా! రెండు విభాగాల్లో పెట్టాను, మగ్గం, నాయన మాటలు. చివర నాయన మాట: "పోగు తెగితే ముడేసుకోవచ్చు, మాట తెగితే యాడ ముడేస్తావు." పది గంటలకు వదిలాను. ఆ రోజు ఎనభై మంది చూశారు. ఎనభై! లాడ్జిలో మొత్తం గదులు నలభై రెండు.

సరే, అంతటితో ఆగినా పోయేది. ఫోటో మసకగా ఉంది, అంకెలు కనపడేవి కావు. 'చేనేత అభిమాని' అనే పేరుతో ఒకాయన వ్యాఖ్య పెట్టాడు, ఇంత అపురూపమైన వారసత్వాన్ని పంచుకున్నందుకు ధన్యవాదాలండీ, కాగితం స్పష్టంగా కనపడేలా పెడితే భావితరాలకు ఉపయోగం అని. భావితరాలు! ఆ మాటకు పడిపోయాను నేను. నగరి వెళ్ళిన ఆదివారం, నాయన సంతకు పోయినప్పుడు పెట్టె తెరిచి, కిటికీ వెలుతురులో పెట్టి నాలుగు ఫోటోలు తీసి, అది చాలదని తిరుపతి వచ్చాక ఒక్కో వరసా ఆ టపాలోనే టైపు కొట్టాను. మూడెత్తు, ఒకటి దించు. తప్పు పడకూడదని రెండుసార్లు సరిచూశాను కూడా. నా జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

నలభై ఒకటి. పక్క కుర్చీలో ఎవరో అమ్మాయి ఏదో పరీక్ష ఫలితం కోసం నంబరు కొట్టి కొట్టి విసుక్కుంటోంది. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. మామ ఇప్పుడు ఏం చేస్తుంటాడు, గోనెసంచి మూతి కట్టుకుంటుంటాడు. మామకు సెల్ లేదు. ఉంటే చేసేవాడినా? చేసేవాడిని కాను, అదీ నాకు తెలుసు. ఆరేడేళ్ళ వయసులో నన్ను నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టేవాడు నాయన, బడి నుంచి రాగానే. వేళ్ళ సందులు కోసుకుపోయేవి. మామ తన మగ్గం దిగి వచ్చి, "పిల్లోడు సదువుకోనీ అన్నా, నా కండెలు నేను సుట్టుకుంటాలే, వాడివీ సుట్టేస్తా" అని రాట్నం లాక్కునేవాడు. ఆయన ఆ వేళ కండెలు చుట్టబట్టే నేను డిగ్రీ దాకా చదివి తిరుపతిలో తాళాలు ఇచ్చే ఉద్యోగం చేస్తున్నాను, బ్లాగు రాసేంత తెలుగు నేర్చుకున్నాను. ఇది ఎన్నోసార్లు రాయాలనుకున్నాను. ఏ విభాగంలో పెట్టాలో తేలక రాయలేదు.

జనవరిలో ఒకావిడ కుటుంబంతో వచ్చింది, భీమవరం వాళ్ళు, గది నూట పన్నెండు. ఫారం నింపుతూ పమిట సర్దుకుంది. అంచు. ఎర్రటి పట్టీ, తెల్ల గింజలు. తళతళా మెరుస్తోంది, పాలిస్టరు. గింజకూ గింజకూ మధ్య దూరం కూడా మా తాత పెట్టిందే. చీర బాగుందమ్మా, ఎక్కడ కొన్నారు అని అడిగాను. ఈడే బజారు దుకాణంలో, కుప్పలుగా పోసుండారు బాబూ, అన్నీ అవే అన్నది వాళ్ళతో వచ్చిన ఇక్కడి ముసలామె. ఆవిడకు నూట పన్నెండు బదులు రెండు వందల పన్నెండు తాళం ఇచ్చాను, అందులో అప్పటికే ఎవరో ఉన్నారు, పెద్ద రభస అయింది. ఆ సాయంత్రం బజారుకు పోయి చూశాను. నిజమే, కుప్పలు. మరమగ్గానికి ఒక చీర ఎంతసేపు, మా నాయనకు నాలుగు రోజులు.

ఫిబ్రవరిలో సేటు నగరి వచ్చాడట. వీధిలోనే నిలబడి, నాయన ముందు ఒక కాగితం పడేసి, ఈ లెక్క ఎవడిచ్చాడు బయటికి అని అరిచాడట. మోనికే చెప్పింది ఇది కూడా. నాయన మామ పేరు చెప్పాడు. మామ అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు. అంతే, సేటు సరుకు ఆపేశాడు, రెండు మగ్గాలు నిలిచిపోయాయి, మామకు మాత్రం ఇంకో పేరు వచ్చింది, లెక్క అమ్ముకున్నోడు అని. ఆ పేరున్న వాడికి ఏ ఇంట్లో నెయ్యడానికి పడుగు ఇస్తారు? ఆరు నెలలు. ఒక మరమగ్గాల షెడ్డులో ఊడ్చే పని చేశాడు, అక్కడ కూడా కుర్రాళ్ళు ఏం మామా, ఎంతకమ్మినావు అని ఆడిపోసుకునేవాళ్ళట. నేను ఈ ఆరు నెలల్లో నాలుగుసార్లు నగరి వెళ్ళాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుని అన్నం తిని వచ్చాను. ఒకసారి మామ వీధి మలుపులో ఎదురుపడ్డాడు. "బాగుండావా నాయనా? సన్నబడినావే" అన్నాడు. బాగున్నాను మామా అన్నాను. ఇదీ నా వాగ్ధాటి, మూడేళ్ళలో డెబ్భై మూడు టపాలు రాసిన వాడిది.

ఇరవై రెండు. పాత టపాల పట్టీ తెరిచాను. యాభయ్యోది కనీసం తీసేద్దాం, ఇప్పటికైనా. తొలగించు అని నొక్కితే నిజంగానే తొలగించాలా అని అడుగుతుంది, ఎంత మర్యాద! అవునని నొక్కాను. పోయింది. మా తాత అంచు పేరు కొట్టి వెతికాను, పోయిందో లేదో చూద్దామని. పన్నెండు చోట్ల ఉంది. నా వాక్యాలు, నా ఫోటోలు, నేను రెండుసార్లు సరిచూసిన అంకెలు, ఎవరెవరి సైట్లలోనో. ఒకడు కింద తన పేరు కూడా వేసుకున్నాడు. ఒకచోట చేనేత విభాగంలో పెట్టారు, ఒకచోట ఫ్యాషన్‌లో, ఇంకోచోట ఆధ్యాత్మికంలో. నవ్వు రాలేదు. మళ్ళీ ఖాళీ టపా దగ్గరికి వచ్చాను. శీర్షిక లేకుండానే మొదలుపెట్టాను, మూడేళ్ళలో మొదటిసారి. 'నాయనా, ఆ లెక్క ఇచ్చింది మురుగేష్ మామ కాదు, నేను.' చదువుకున్నాను. బాగాలేదు. 'మురుగేష్ మామ ఏ తప్పూ చెయ్యలేదు నాయనా' అని మార్చాను. ఇందులో నేనెక్కడున్నాను? కొట్టేశాను. ఒక పేరా రాశాను, సాంబ్రాణి పొగా, నాయన కళ్ళద్దాలూ అన్నీ పెట్టి. చక్కగా వచ్చింది. చక్కగా వచ్చిందని ఒక క్షణం సంతోషపడ్డాను కూడా, ఒట్టు. నన్ను చెప్పుతో కొట్టాలి. పేరా మొత్తం చెరిపేశాను.

తొమ్మిది. బయటికి రాలేదు, కుర్చీలోంచే ఫోన్ చేశాను. మోనిక ఎత్తింది, నాయనకివ్వు అన్నాను.

"సెప్పురా" అన్నాడు నాయన.

"నాయనా, మామది తప్పు లేదు. ఆ లెక్క నేనే కంప్యూటర్లో పెట్టినాను. ఫోటో తీసినాను, అంకెలన్నీ రాసినాను. మామకేం తెలవదు. బస్సు ఇంకా రాలేదు గదా, నువ్వు పోయి..."

"తెలుసు."

పక్క కుర్చీలో అమ్మాయి నా వైపు చూసింది. నేను ఏమన్నానో, గట్టిగానే అన్నట్టున్నాను.

"సేటు పడేసింది కంప్యూటర్ కాగితమే గదరా. నిలబడే సదివినాను. ఎవరి పేరూ లేదు దాంట్లో. పేరెందుకు, నా మాటలన్నీ ఉండాయి. పోగు తెగితే ముడేసుకోవచ్చు అని నేను ఎవరితో అన్నానో నాకు తెలవదా?"

"మరి మామ పేరు ఎందుకు సెప్పినావు?"

తెర మీద ఆరు పడింది.

"వీధంతా నిలబడుండాది. నా కొడుకు అని నోటికి రాలా. పక్కన వాడుండాడు, వాడిని సూపించినాను. వాడూ సదివినాడు రా, నా బుజం మీంచి. సదివి నా మొహం సూసినాడు. సరేలే అన్నా అన్నాడు. తుండుగుడ్డ బుజానేసుకోని పోయినాడు."

"ఇప్పుడన్నా పో నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు ఒక్క మాట పిలిస్తే మామ వస్తాడు."

"వస్తాడు" అన్నాడు నాయన. "ఒక్క మాటకే వస్తాడు. వచ్చి మళ్ళా నా పక్కన కూసుంటాడు, ఏం జరగనట్టు. అప్పుడు నేను యాడ కూసునేది సెప్పు?"

నాయన ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. అవతల ఊపిరి వినపడుతోంది, దాని వెనక వీధిలోని మరమగ్గాల చప్పుడు. నాలుగు, మూడు, రెండు. నగరిలో మా ఇల్లు బస్సు రోడ్డు మీదే. హారను మోగింది, ఒకసారి దూరంగా, ఒకసారి చాలా దగ్గరగా, ఆ తర్వాత బండి గేరు మార్చుకుంటూ వెళ్ళడం వినపడింది.

"పోయింది రా" అన్నాడు నాయన.